నీటిమీద పరుగెత్తే ఈ పురుగు కొత్త జాతేనా? తేల్చుకోవడానికి సాయం కావాలి

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో మహేంద్రతనయ నది ఒడ్డున, రాళ్ల మధ్య నీరు వడిగా జారే చోట, నీటిమీద పరుగెత్తే పురుగులను రెండేళ్లుగా గమనిస్తున్నాను. గెర్రిడే కుటుంబానికి చెందిన వాటిలో ఒకటి నేను చదివిన ఏ వర్ణనకూ సరిపోవడం లేదు. దానికి రెక్కలు లేవు, వీపు మీద నారింజ రంగు చార ఉంది, మగవాటి నడిమి కాళ్ల తొడలకు దువ్వెన పళ్లలా బారుతీరిన వెంట్రుకలున్నాయి. రంగును చూసి కొత్త జాతి అనడం తొందరపాటే. ఈ కుటుంబంలో జాతిని తేల్చేది ఎక్కువగా మగపురుగు జననాంగాల నిర్మాణమే కదా. పన్నెండింటిని ఆల్కహాలులో భద్రపరిచాను గానీ, ఆ అంగాలుండే పొట్ట చివరి ఖండాలను చెదరకుండా విడదీయడం నాకు చేతకావడం లేదు. ఆ పని దగ్గరుండి నేర్పగలవారు ఎవరైనా ఉన్నారా? జాతికి ఆధారమయ్యే నమూనాను కోల్‌కతాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థకు అప్పగించాలంటే ముందుగా ఎవరికి రాయాలి?