చర్చ: స్పెర్మ్ తిమింగలం కడుపులో దొరికే స్క్విడ్ ముక్కులను ఎంతవరకు నమ్మవచ్చు?

కాకినాడ సభ్యుడు:
ఒడ్డుకు కొట్టుకొచ్చిన స్పెర్మ్ తిమింగలం కడుపులోని స్క్విడ్ (ఆక్టోపస్ వర్గానికి చెందిన మెత్తని సముద్రజీవి) ముక్కులను లెక్కపెట్టి దాని ఆహారం ఇదేనని తేల్చడం సరికాదని నా వాదన. చిలక ముక్కును పోలిన ఆ అవయవం కైటిన్, ప్రోటీన్లతో ఏర్పడినది కనుక జీర్ణరసాలకు లొంగక, తిమింగలం కక్కివేసేదాకా పోగుపడుతుంది. తిన్న చేపలను గుర్తించడానికి తోడ్పడే చెవిరాళ్లు (చేప చెవిలోని చిన్న గట్టి ముక్కలు) సున్నపు పదార్థం కావడం వల్ల ఆమ్లంలో కరిగిపోతాయి. అప్పుడు చేపల వాటా తగ్గి కనబడదా?

అమలాపురం సభ్యురాలు:
మీరు చూపిన లోపం వాస్తవమేనండి. అయితే దానితో పద్ధతినే తోసిపుచ్చడాన్ని నేను అంగీకరించలేను. ఐస్‌లాండ్ సమీపంలో వేటాడిన స్పెర్మ్ తిమింగలాలు చేపలను కూడా గణనీయంగా తింటాయని తెలిసింది వాటి కడుపులను పరిశీలించినందువల్లనే. స్క్విడ్‌లపై పరిశోధించిన శాస్త్రవేత్త మాల్కమ్ క్లార్క్ 1962లో ముక్కు కొలతకూ స్క్విడ్ బరువుకూ ఉన్న సంబంధాన్ని వివరించారు. 1980లో దక్షిణార్ధగోళపు స్పెర్మ్ తిమింగలాల ఆహారంపై విస్తృత అధ్యయనం ప్రచురించారు. కింది ముక్కు కొన పొడవును బట్టి బరువు అంచనా వేస్తే, సంఖ్యలో ఎక్కువగా ఉన్న చిన్న జాతికంటే నాలుగైదు ముక్కులే దొరికిన పెద్ద జాతి ఆహారంలో ఎక్కువ వాటా కలిగి ఉండవచ్చు. వలలకు అరుదుగా చిక్కే లోతునీటి జాతులు మనకు తెలిసింది చాలావరకు ఈ దారినే. అత్యంత బరువైన స్క్విడ్ జాతి అయిన కొలోసల్ స్క్విడ్‌ను 1925లో మొదటిసారి వర్ణించింది కూడా స్పెర్మ్ తిమింగలం కడుపులో దొరికిన చేతుల ఆధారంగానే కదా!

యానాం సభ్యుడు:
చర్మపు ముక్కలోని నత్రజని ఐసోటోపులు (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువులు), మలంలోని డీఎన్‌ఏ ఉండగా కళేబరాన్ని కోయడం ఎందుకు?

అమలాపురం సభ్యురాలు:
ఐసోటోపులు ఆహారపు గొలుసులో జంతువు ఏ అంచెలో ఉందో సూచిస్తాయే తప్ప, అది తిన్న జాతి పేరు చెప్పవు. ఆ పరీక్షను స్క్విడ్ ముక్కుపైనా చేయవచ్చు కనుక రెండూ పరస్పరం తోడ్పడతాయి. వాణిజ్య వేటపై 1986 నుంచి నిషేధం అమలవుతోంది, అది ఉండవలసిందే. కనుక ఇక మిగిలింది ఒడ్డున పడిన జంతువులే. అంతర్వేది, ఓడలరేవు వంటి తీరాల్లో అలాంటిది కనబడితే, దుర్వాసనకు భయపడి వెంటనే పూడ్చిపెట్టకుండా ముందు అటవీ శాఖకు తెలపాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని జంతువును అనుమతి లేకుండా ముట్టుకోరాదు. పరిశీలించే నిపుణులు కండ ఇంకా అంటుకుని ఉన్న ముక్కులను, అంటే ఇటీవలి ఆహారాన్ని, పాత ముక్కులతో కలపకూడదు. ఎండితే అవి ముడుచుకుని కొలతలు తప్పుతాయి కాబట్టి ఆల్కహాల్‌లోనే భద్రపరచాలి.