అప్‌డేట్: లెడ్ క్రిస్టల్ కాస్టింగ్, సీసం భయం
కిల్న్‌లో (గాజు కరిగించే బట్టీలో) లెడ్ క్రిస్టల్, అంటే సీసం కలిసిన గాజు, కరిగించి అచ్చు పోస్తే సీసం ఒంట్లోకి చేరుతుందా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్, టెన్షన్ చాలా తగ్గింది.

అసలు ముప్పు గాజు ముద్దలో కాదు, అరగదీసేటప్పుడు లేచే సన్నటి దుమ్ములో. అందుకే అరగదీత అంతా నీళ్ల ధార కిందే. తడి బురదను ఆరకముందే ఎత్తేస్తున్నాను, ఆరితే అదీ దుమ్మే. పొడి చీపురు వాడట్లేదు. మాస్కు, విడి బట్టలు తప్పనిసరి. రక్తంలో సీసం పరీక్ష కూడా చేయించాను, నార్మల్.

గాజు మాత్రం అద్భుతం! సోడా లైమ్ గాజు (కిటికీలు, సీసాలకు వాడే మామూలు గాజు) కన్నా తక్కువ వేడికే తేనెలా జారింది, అచ్చులోని ఆకు ఈనెలు కూడా స్పష్టంగా పడ్డాయి. అచ్చు చేయడానికి వాడిన మైనం అందులో మిగలకుండా చూసుకోండి. అది కాలితే సీసం నల్లబడి గాజు మసకబారుతుంది.