అగ్రికల్చరల్ లీడర్‌షిప్‌లో డిగ్రీ: అమ్మాయిని చేర్పించాలా వద్దా?

ప్లేనో నాన్న:
మాది టెక్సాస్‌లోని ప్లేనో. అమ్మాయికి హైస్కూల్ ఆఖరి ఏడాది. స్కూల్లో ఎఫ్‌ఎఫ్‌ఏ అని వ్యవసాయ విద్యార్థుల సంఘం ఉంది (1928 నుంచీ ఉన్నదేలెండి, నీలం జాకెట్లు వేసుకుంటారు). అందులో చేరి ఒక మేకను పెంచి పోటీకి తీసుకెళ్లింది. ఇప్పుడు టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో అగ్రికల్చరల్ లీడర్‌షిప్ డిగ్రీ చేస్తానంటోంది. సిలబస్ చూశాను. బృందాలను నడపడం, జనం ముందు మాట్లాడటం, పెద్దవాళ్లకు నేర్పే పద్ధతులు, ఇంటర్న్‌షిప్. పంటల గురించి తక్కువే. తెనాలి దగ్గర ఉన్న మా నాన్నకు ఫోన్లో చెబితే, "నాయకత్వానికి కూడా డిగ్రీ ఏంట్రా?" అన్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. మీరేమంటారు?

బాపట్ల 98:
మీ నాన్నగారు ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్ చేశాను. నాలుగేళ్లు నేల, విత్తనం, పురుగు, తెగులు. ఆఖర్లో ఊళ్లో ఉండి రైతు వెంట తిరిగాం. 2021లో మిరపకు నల్ల తామర పురుగు వచ్చినప్పుడు, పువ్వు తెంపి అరచేతిలో కొడితే ఆవాల్లా రాలేవి. అదేమిటో చెప్పలేనివాడు రైతుకు ఏం దారి చూపిస్తాడు? పవర్‌పాయింటా?

ఎర్రమట్టి:
మా సర్పంచ్ ఏ డిగ్రీ చేశాడండీ?

గోంగూర:
మేక ఏమైంది?

పసుపుకొమ్ము:
బాపట్ల గారూ, నేనూ మీ చదువే చదివాను. రైతులే సభ్యులుగా కలిసి నడుపుకునే రైతు ఉత్పత్తిదారుల సంస్థకు రెండేళ్లు సీఈవోగా చేశాను. ఆ ఏడాది పురుగును గుర్తుపట్టలేక నష్టపోలేదు. నీలం రంగు జిగురు అట్టలు కట్టమని, పొలం చుట్టూ జొన్నో మొక్కజొన్నో వేయమని, మందు మీద మందు కొట్టొద్దని అందరికీ చెప్పాం. ఒకాయన ఆగాడు. పక్క చేనాయన రోజు మార్చి రోజు కొట్టాడు. దాంతో మూడో వారానికి ఆగినాయన కూడా స్ప్రేయర్ ఎత్తాడు. ఊరంతా ఒకే వారం ఒకే పని చేసేలా ఒప్పించడం నాకు ఏ సెమిస్టర్‌లోనూ నేర్పలేదు.

బాపట్ల 98:
విస్తరణ విద్య అని, కొత్త పద్ధతులను రైతు దగ్గరికి చేర్చడం నేర్పే పేపరే ఉంది. మీరు శ్రద్ధగా చదవలేదేమో. ఇంతకీ ఆ సీఈవో జీతమెంత? కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకంలో ఇచ్చేది నెలకు గరిష్ఠంగా 25 వేలు, అదీ మూడేళ్లే. దానికోసం ఒక డిగ్రీనా?

ఎర్రమట్టి:
25 గరిష్ఠం సార్. చేతికి ఎంతొస్తుందో అడగండి.

బాపట్ల 98:
అదే అంటున్నాను. పాతిక వేలకు పురుగుమందుల కంపెనీ కుర్రాడు కూడా రాడు.

నల్లరేగడి:
జీతం మీద పడ్డారేంటండీ? ప్లేనో గారి అమ్మాయి ఉండేది టెక్సాస్‌లో. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం పుణ్యమా అని అక్కడ యూనివర్సిటీకి ప్రతి కౌంటీలో (మన జిల్లాలాంటిది) విస్తరణ సేవలున్నాయి, టెక్సాస్‌లోనే 254 కౌంటీలు. ఏజెంటు పని నేర్పడం, జనాన్ని కూడగట్టడం. మన ఏఓలాగా, అదే వ్యవసాయ అధికారిలాగా, యూరియా స్టాకు లెక్కపెట్టడు, డీలర్ లైసెన్సులు చూడడు. ఆ పనికి ఈ చదువు సరిపోతుంది.
ఇక మన దగ్గరంటారా, నిడుబ్రోలులో రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా గారు 1930లలోనే రైతాంగ విద్యాలయం పెట్టి రైతు కార్యకర్తలను తయారుచేశారు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది అర్థశాస్త్రం, వ్యవసాయం కాదు. బాపట్ల గారికి పట్టా ఇచ్చిన యూనివర్సిటీకి పెట్టింది ఆయన పేరే కదా!

బాపట్ల 98:
ఆయన రైతు ఇంట పుట్టారు, అది మర్చిపోకండి. ములుకనూరు సహకార సంఘాన్ని 1956లో మొదలుపెట్టిన విశ్వనాథరెడ్డి గారు ఏ లీడర్‌షిప్ క్లాసుకు వెళ్లారు? నాలుగెకరాలు కూడా లేనివాళ్లు సర్టిఫికెట్ పట్టుకొచ్చి నాయకులమంటే రైతు ఎందుకు వింటాడు?

పసుపుకొమ్ము:
ఇప్పుడు బయటపడింది మీ మాట. మా నాన్న కౌలు రైతు. ముప్పై ఏళ్లు దున్నినా ఆయన పేరున సెంటు లేదు. సాగు హక్కు కార్డు కావాలంటే యజమాని సంతకం చేయాలి, ఆయన చేయడు. మా సంస్థలో డైరెక్టర్లంతా భూమి ఉన్నవాళ్లే. అందరి మందులు ఒకేసారి కంపెనీ దగ్గరే కొందామని తీర్మానం రాసుకెళ్లాను. ఒక డైరెక్టర్ తమ్ముడికే మందుల కొట్టుంది. గుడి అరుగు మీద మీటింగ్. "అమ్మా, నీకు పొలం ఎక్కడ?" అని అడిగారు. అందరూ నవ్వారు. నేను కాగితం మడిచేశాను. ఆ రోజు నాకు బదులు చెప్పడం వచ్చి ఉంటే, ఓట్లు ముందే కూడగట్టుకోవాలని తెలిసి ఉంటే! పొలం ఉన్నవాడికి మీరన్నట్టు క్లాసు అక్కర్లేదండీ. నాలాంటి దానికే కావాలి.

ఎర్రమట్టి:
🙏

బాపట్ల 98:
నవ్వినవాళ్లలో నన్ను కలపకండి. మీకు తెలియనిది ఒకటి చెబుతాను. నేను ఏఓగా ఉన్నప్పుడు ఒక డీలర్ దగ్గర నకిలీ విత్తనాల బస్తాలు పట్టుకున్నాను. పంచనామా రాస్తుండగానే ఫోన్ వచ్చింది. చేసింది రైతు నాయకుడు. పదకొండు రోజులకు నన్ను బదిలీ చేశారు, మా వాడి పదో తరగతి పరీక్షలు మధ్యలో ఉండగా. అప్పటినుంచి నాయకత్వం అన్న మాట వింటే నాకు ఒళ్లు మంట. పురుగును గుర్తుపట్టేవాడు ఎక్కడున్నా పురుగును గుర్తుపడతాడు. మాట్లాడటం మాత్రమే వచ్చినవాడు ఎవరి తరఫున మాట్లాడతాడో గ్యారంటీ ఏంటి?

పసుపుకొమ్ము:
గ్యారంటీ లేదు. మీకు ఫోన్ చేసినాయన ఏ క్లాసుకూ వెళ్లి ఉండడుగా.

నల్లరేగడి:
ప్లేనో గారూ, మైనర్‌గా, అంటే డిగ్రీలో రెండో సబ్జెక్టుగా, పంటలో నేలలో తీసుకోమనండి. గొడవ ఉండదు.

బాపట్ల 98:
నేలలు. నేలలే తీసుకోమనండి. ఇంకోటి, ఆ సిలబస్‌లో సంఘం లెక్కలు, ఆడిట్ ఉన్నాయా?

ప్లేనో నాన్న:
అడిగి చెబుతానండీ. పసుపుకొమ్ము గారి పోస్టు అమ్మాయికి చదివి వినిపించాను, తెలుగు చదవడం రాదు తనకు. "ఆ తమ్ముడి కొట్టు ఇంకా ఉందా?" అని అడిగింది.

పసుపుకొమ్ము:
ఉందమ్మా. పైన ఇంకో అంతస్తు వేశారు.

గోంగూర:
మేక సంగతి ఎవరూ చెప్పరేం?

ప్లేనో నాన్న:
వేలంలో పోయిందండీ. మాంసం రకం మేక, ఎక్కడికి వెళ్తుందో తనకు మొదటి రోజునుంచీ తెలుసు. తనే నడిపించుకెళ్లి ట్రక్కు ఎక్కించింది. మెడలో పట్టా విప్పి జేబులో పెట్టుకుంది. దారంతా మాట్లాడలేదు.