క్యాషా ఇన్సూరెన్సా అని అడిగాకే ఆపరేషన్ రేటు చెప్తున్నారు, దీన్ని మార్కెట్ అనొచ్చా?

బెంజిసర్కిల్:
నమస్తే అందరికీ. పోయిన నెల మా నాన్నకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని విజయవాడ సూర్యారావుపేటలో మూడు హాస్పిటల్స్ తిరిగాం, ఎక్కడికెళ్ళినా కౌంటర్‌లో మొదటి మాట ఒకటే, క్యాషా ఇన్సూరెన్సా అని. ఒకచోట తెలిసినాయన చెప్పాడు, క్యాష్ అయితే 58 వేలు, పాలసీ మీద అయితే 95 దాకా అవుద్దంట, అదే డాక్టరు అదే ఆపరేషన్. ఏటా ప్రీమియం కడుతున్నాం కదా అని క్యాష్‌లెస్ పెట్టాం. పాలసీలో రూమ్ రెంట్ రోజుకి 3 వేలే అంట, మేం తీసుకున్న రూము 5 వేలు, తేడా రూముకే పడుద్ది అనుకుంటే సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీ అన్నింటిలోనూ అదే లెక్కన కోసేశారు, డిశ్చార్జ్ రోజు చేతి నుంచి 31 వేలు కట్టాం. అమెరికాలో ఉన్న మా బాబాయ్ కొడుకేమో గవర్నమెంట్ వేలు పెట్టకపోతే రేట్లు వాటంతటవే దిగుతాయి అంటాడు, నాన్నేమో వైద్యం సరుకు కాదురా అంటారు. ఇద్దరి మాటా కొంత నిజమే అనిపిస్తంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

అమరావతిరోడ్:
మీ బాబాయ్ కొడుకు చెప్పేదాంట్లో అసలు పాయింట్ వేరే ఉందండి. మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా ఎకనామిస్ట్ వాదన ఏంటంటే, మన డబ్బు మనకోసం ఖర్చుపెడితే బేరం ఆడతాం, ఎవరి డబ్బో అయితే ఆడం. 95 వేలు అన్నప్పుడు మీరు గట్టిగా అడగలేదు కదా, కంపెనీ కడుద్ది అనుకున్నారు, హాస్పిటల్ కూడా అదే అనుకుంది. అమెరికాలో ఈ జబ్బు మొదలైందీ అక్కడే, రెండో ప్రపంచ యుద్ధం టైంలో జీతాలు పెంచకూడదని రూలు పెడితే కంపెనీలు పనివాళ్ళ కోసం ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలెట్టాయి, దానికి టాక్స్ మినహాయింపు వచ్చింది, ఇక చిన్న జ్వరానికి కూడా బిల్లు కట్టేది వేరేవాళ్ళే. అందుకే అది ఫ్రీ మార్కెట్ అంటే నేను ఒప్పుకోను.
మనూళ్ళో శుక్లాల ఆపరేషన్ చూడండి, ఈ లెన్స్ అయితే ఇంత ఆ లెన్స్ అయితే ఇంత అని ముందే చెప్తారు, నాలుగు చోట్ల కనుక్కుని వెళ్తాం. రేటు ముందు తెలిస్తే పోటీ అదే వస్తది.

గొల్లపూడి:
శుక్లాలకి ఆగొచ్చు బ్రో, గుండెపోటుకి ఆగుతామా. రాత్రి రెండింటికి అంబులెన్స్‌లో ఉన్నోడు నాలుగు చోట్ల కనుక్కుంటాడా? 1963లోనే కెనెత్ యారో అనే ఎకనామిస్ట్ ఇదే రాశాడు, జబ్బు ఎప్పుడొస్తదో తెలీదు, ఏ వైద్యం కావాలో చెప్పేది అమ్మేవాడే, ఇది కూరగాయల మార్కెట్‌లా నడవదని. అమెరికాలో 1974-82 మధ్య ర్యాండ్ అనే పరిశోధన సంస్థ చేసిన ప్రయోగంలో జేబు నుంచి ఎక్కువ కట్టాల్సినవాళ్ళు ఫ్రీగా వైద్యం దొరికినవాళ్ళకన్నా దాదాపు 30 శాతం తక్కువ ఖర్చుపెట్టారు, ఎక్కువమందికి ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు, నిజమే. కానీ పేదవాళ్ళలో బీపీ ఉన్నవాళ్ళకి ఫ్రీ వైద్యంతోనే మేలు జరిగింది, పైగా జేబు నుంచి కట్టేవాళ్ళు అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైంది కూడా మానుకున్నారు. మా అమ్మ బీపీ బిళ్ళలు రోజు మార్చి రోజు వేసుకునేది, డబ్బులు మిగుల్తాయని. అది బేరం కాదండి.
గుండె రక్తనాళాల్లో వేసే స్టెంట్ల సంగతి కూడా గుర్తు చేసుకోండి, 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంట్‌కి 29,600 అని సీలింగ్ పెట్టేదాకా లక్ష పైన కూడా అమ్మారు. పోటీ ఉన్నా దిగలేదే.

కొత్తపేట ఫార్మసీ:
గుంటూరులో మందుల షాపు నాది, ఇద్దరికీ ఒక మాట చెప్తా. చీటీలో బ్రాండ్ రాసేది డాక్టరు, కట్టేది పేషెంటు, అందుకే కంపెనీలు పేషెంటుకి రేటు తగ్గించి లాభం లేదు, డాక్టరు చుట్టూ తిరుగుతాయి. అదే మందు జెనరిక్‌లో చాలా తక్కువకి ఉందని నేను చెప్తే, డాక్టరు గారు ఇదే వాడమన్నారు అంటారు, భయం మరి, తప్పుపట్టలేం. ఊళ్ళ నుంచి ఆర్‌ఎంపీ తీసుకొచ్చిన పేషెంటు బిల్లులో ఆ కమీషన్ కూడా కలుస్తది, ఎవరూ రాసివ్వరు. స్టెంట్ రేటు తగ్గించాక అది బిల్లులో వేరే లైన్లోకి పోకుండా ఎవరు చూస్తారు? సీలింగ్ వద్దనట్లేదు, మొత్తం ప్యాకేజీ కాగితం మీద లేకపోతే సీలింగూ పనిచేయదు పోటీ కూడా పనిచేయదు.

అమరావతిరోడ్:
గొల్లపూడి గారు, ఎమర్జెన్సీ విషయంలో మీ మాటే కరెక్ట్, అక్కడ ఇన్సూరెన్సో ఆరోగ్యశ్రీనో ఉండాల్సిందే. కానీ 2007 నుంచి ఆరోగ్యశ్రీలో ప్యాకేజీ రేటు గవర్నమెంటే పెడుతోంది, బకాయిలు రాలేదని నెట్‌వర్క్ హాస్పిటల్స్ సేవలు ఆపేస్తాం అనడం ఎన్నిసార్లు చూశాం. సింగపూర్‌లో 1984 నుంచి మెడిసేవ్ అని జీతంలో కొంత వైద్యానికే పక్కనపెడతారు, పెద్ద జబ్బుకి ఇన్సూరెన్స్ వేరే, అక్కడ బిల్లుల సైజు గవర్నమెంటే బయటపెడుతుంది. నాకు నచ్చింది అదే.

బెంజిసర్కిల్:
అందరికీ థాంక్స్ అండి. వచ్చే నెల అమ్మకి శుక్లాల ఆపరేషన్ ఉంది. ఈసారి లెన్స్ పేరు, మొత్తం రేటు, పాలసీలో ఎంత వస్తదో ముందే రాయించుకుని అప్పుడే అడ్మిట్ చేస్తా. పటమట, తాడిగడప వైపు అలా రాసిచ్చే చోటు మీకెవరికైనా తెలిస్తే పెట్టండి.