రేసులు మానేసిన గ్రేహౌండ్‌ను పెంచుకుంటున్నవాళ్ళు ఉన్నారా? (ఐర్లండ్)

డబ్లిన్_పావని:
మూడు వారాల కిందట ఒక గ్రేహౌండ్‌ను దత్తత తెచ్చుకున్నాం. పందేల్లో పరిగెత్తించే జాతి, నాలుగేళ్ళ ఆడకుక్క. రెండు చెవుల లోపలా పచ్చబొట్టు అక్షరాలున్నాయి. దానికి మెట్లు ఎక్కడం రాదు. అద్దం తలుపంటే ఏంటో తెలియక వెళ్ళి గుద్దుకుంది. కుడి వెనక కాలు కొంచెం ఈడుస్తుంది. నిద్రలో ఉలిక్కిపడి అరుస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి, ఈ కుక్కల పందేలకు ఇక్కడి ప్రభుత్వం డబ్బు ఇస్తుందట. నిజమేనా?

కార్క్_శేషు:
నిజమే పావని గారూ. 2001లో చట్టం చేసి గుర్రప్పందేలకూ కుక్కల పందేలకూ కలిపి ఒక నిధి పెట్టారు. అందులో 80 శాతం గుర్రాలకు, 20 శాతం గ్రేహౌండ్లకు. 2025కి ఆ నిధి 9.91 కోట్ల యూరోలు, అంటే కుక్కల పందేలకు దాదాపు 1.98 కోట్లు. మన జీతాల్లో కోసే పన్ను కూడా అందులో ఉంది.

కాలిని ఒకసారి వెట్‌కు చూపించండి. ట్రాక్ మీద కుక్కలు ఎప్పుడూ ఎడమ వైపుకే తిరుగుతాయి. ఆ వేగంలో మలుపు తిరిగేటప్పుడు కుడి వెనక కాలి మడమ దగ్గర ఎముక విరగడం వీటిలో తరచూ జరుగుతుంది.

మెల్‌బోర్న్_వాణి:
మా దగ్గర ఆరేళ్ళుగా ఒకటి ఉంది. అద్దానికి రంగు టేపు అంటించండి. మెట్ల మీద చికెన్ ముక్క పెట్టి రోజుకో మెట్టు నేర్పండి. నిద్రపోతుంటే ముట్టుకోవద్దు, దూరం నుంచి పేరు పెట్టి పిలవండి. కెన్నెల్‌లో పెరిగిన కుక్కకు ఇల్లంతా కొత్తే. చలికి కోటు తప్పనిసరి, ఒంట్లో కొవ్వు చాలా తక్కువ.

ఇక్కడ ఆస్ట్రేలియాలో 2015లో ఏబీసీ టీవీ ఈ పందేల మీద ఒక కార్యక్రమం వేసింది. శిక్షణ పేరుతో బతికున్న కుందేళ్ళనూ పందిపిల్లలనూ కట్టి కుక్కల ముందు పెట్టడం అందులో చూపించారు. నేను సగంలోనే ఆపేశాను. 2016లో ఇక్కడి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం పందేలను నిషేధిస్తామని జూలైలో చెప్పి అక్టోబరుకల్లా వెనక్కి తగ్గింది. న్యూజిలాండ్ మాత్రం 2026 జూలైకల్లా మూసేస్తామని ప్రకటించింది.

టిప్పరరీ_కిరణ్:
ఒక్క మాట చెప్పాలి. మా పక్కింటి పెద్దాయన నలభై ఏళ్ళుగా రెండు మూడు కుక్కలు పెంచుతున్నాడు. వానలో కూడా తెల్లారకముందే నడకకు తీసుకెళ్తాడు. పరిగెత్తలేని ముసలిది పొయ్యి పక్కనే పడుకుంటుంది. పైగా ఆ నిధిలో కొంత సంరక్షణకూ పోతుంది. దయచేసి అందరినీ ఒకే గాటన కట్టొద్దు.

కార్క్_శేషు:
ఆయన ప్రేమను నేను కాదనను కిరణ్ గారూ. నా బాధ లెక్క గురించి. ఐర్లండ్‌లో ఈ పందేలను నడిపే గ్రేహౌండ్ బోర్డే 2017లో చేయించుకున్న నివేదికలో, వేగం చాలదని ఏటా దాదాపు 6,000 కుక్కలను చంపేస్తున్నారని అంచనా వేశారు. 2019 జూన్‌లో ఇక్కడి ప్రభుత్వ టీవీ ఆర్‌టీఈ బయటపెడితేనే అది జనానికి తెలిసింది. గెలిచే ఒక్క కుక్క కోసం ఎన్నో పిల్లల్ని పుట్టిస్తున్నారు. ప్రైజ్ మనీలోకి ప్రభుత్వ డబ్బు పోస్తుంటే ఆ పుట్టించడం ఎలా తగ్గుతుంది? సంరక్షణకు ఇవ్వండి, పందేనికి వద్దు. నేను అడిగేది అంతే.

టిప్పరరీ_కిరణ్:
6,000 మాట నాకు తెలియదు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన్ని అడుగుతాను.

డబ్లిన్_పావని:
అందరికీ థాంక్స్. వెట్ ఎక్స్‌రే తీశారు. మడమ ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుందట. కుక్క పేరు పెట్టి ఆన్‌లైన్‌లో వెతికితే పాత పందేల రికార్డు దొరికింది. పదకొండు పందేలున్నాయి. పన్నెండోది పూర్తి చేయలేదు. ఆ తర్వాత ఏమీ లేదు. అది చదివి చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాను.

వీడియో కాల్‌లో చూసి మా అమ్మ, "ఇంత బక్కగా ఉందేంటే, తిండి పెట్టట్లేదా?" అంది. పక్కటెముకలు కనబడటం ఈ జాతికి సహజమేనని చెప్పినా నమ్మలేదు. వాణి గారూ, చికెన్ ముక్క పనిచేసింది, నిన్న మూడు మెట్లు ఎక్కింది. మా నియోజకవర్గం టీడీకి (ఇక్కడి పార్లమెంటు సభ్యుడికి) నిధి గురించి ఈమెయిల్ రాశాను. జవాబు వస్తే ఇక్కడే పెడతాను.