మా /22ని నాలుగు /24లుగా విడగొట్టి అనౌన్స్ చేస్తున్నారు, ఇది అవసరమేనా?

గోదారిగట్టు_నెట్

అందరికీ నమస్కారమండి. మాది పశ్చిమ గోదావరిలో చిన్న ఐఎస్పీ, సీ కేటగిరీ లైసెన్స్. మొదట్లో కేబుల్ టీవీ వాళ్ళం, తర్వాత ఫైబర్ వేసుకుని ఇంటర్నెట్‌లోకి వచ్చాం. 2016లో ఇరిన్ (దేశంలో ఐపీ అడ్రస్‌లు ఇచ్చే సంస్థ) నుంచి 103 సిరీస్‌లో ఒక /22 (1024 ఐపీల బ్లాక్, /24 అంటే అందులో నాలుగో వంతు), ఒక ఏఎస్ నంబర్ (ఇంటర్నెట్‌లో మా నెట్‌వర్క్ గుర్తింపు నంబర్) తీసుకున్నాం. ఆ 1024 ఐపీల మీదే సీజీనాట్ (ఒక పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే పద్ధతి) పెట్టి కస్టమర్లందర్నీ నడుపుతున్నాం. ఎడ్జ్‌లో మైక్రోటిక్ రూటర్, రెండు వేరు వేరు అప్‌స్ట్రీమ్‌లు (మాకు ఇంటర్నెట్ ఇచ్చే పెద్ద కంపెనీలు), ఒకటి హైదరాబాద్ వైపు నుంచి, ఒకటి చెన్నై వైపు నుంచి.

సాయంత్రం ఏడు దాటితే హైదరాబాద్ లింకు నిండిపోయేది, చెన్నైది ఖాళీగా ఉండేది, డబ్బులు మాత్రం రెండిటికీ కడుతున్నాం. ఒక కన్సల్టెంట్‌ని పిలిస్తే /22ని నాలుగు /24లు చేసి, రెండు ఈ లింకులో రెండు ఆ లింకులో అనౌన్స్ చేసిపెట్టాడు (అంటే ఈ ఐపీలకి దారి ఇటు అని బయటి నెట్‌వర్క్‌లకి చెప్పడం). లోడు బానే సర్దుకుంది. కానీ మొన్న రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ చెన్నై వైపు ఫైబర్ తెంపేసింది, ఇంక చూడండి, సగం మంది కస్టమర్లకి నెట్ బ్రహ్మాండంగా ఉంది, సగం మందికి అసలు లేదు. ఒకే వీధి, ఒకే ఓఎల్‌టీ (మా వైపు ఫైబర్ బాక్స్), పక్క పక్క ఇళ్ళు, ఒకరికి ఉంది ఒకరికి లేదు. మా కుర్రాళ్ళు ఓఎన్‌యూలు (ఇళ్ళల్లో ఫైబర్ బాక్సులు) మారుస్తూ ఆప్టికల్ పవర్ చూసుకుంటూ పొద్దంతా తిరిగారు. అక్కడ స్ప్లైసింగ్ అవ్వగానే అన్నీ వాటంతట అవే వచ్చేశాయి.

హైదరాబాద్ లింకు బతికే ఉందిగా, మరి సగం మంది ఎందుకు పడిపోయారు? కన్సల్టెంట్‌ని అడిగితే "ఐఎస్పీలన్నీ /24లే వదుల్తాయి, అదే పద్ధతి" అంటున్నాడు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, కొత్త కుర్రాళ్ళకి కూడా చూపిస్తాను.

ఎడ్జ్_రూటర్_హైద్

అన్నా, నాలుగు /24లు వదిలారు (అనౌన్స్ చేశారు) సరే, వాటితో పాటు /22 కూడా రెండు వైపులా వదిలారా లేదా? మీరు చెప్పిన లక్షణాలు చూస్తే వదల్లేదు. చెన్నై లింకు పోగానే అక్కడ అనౌన్స్ చేస్తున్న రెండు /24లు ప్రపంచం మొత్తం మీద రూటింగ్ టేబుల్ (ఏ ఐపీకి ఏ దారి అని రూటర్లు పెట్టుకునే జాబితా) లోంచి మాయమైపోయాయి. మీ దగ్గర్నుంచి ప్యాకెట్ హైదరాబాద్ మీదుగా బయటికి వెళ్తుంది, తిరిగి రావడానికి మాత్రం ఆ ఐపీకి దారి ఎవరికీ తెలీదు. పక్కింటాయన సీజీనాట్‌లో వేరే పూల్‌లో (వేరే పబ్లిక్ ఐపీల గుంపులో) ఉన్నాడు కాబట్టి ఆయనకి నడిచింది. ఓఎన్‌యూకి దీనికి సంబంధమే లేదు. ఇంకోసారి ఇలా "ఒకరికి ఉంది ఒకరికి లేదు" అని వస్తే ముందు వాళ్ళు బయటికి ఏ పబ్లిక్ ఐపీతో వెళ్తున్నారో చూడమనండి మీ వాళ్ళని, నిమిషంలో తేలిపోద్ది.

పాత_బీజీపీ_చేయి

పైన చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. నేను కొంచెం పెద్దగానే రాస్తాను, ఎందుకంటే "అందరూ /24లే వదుల్తారు" అనే మాట మన దగ్గర చిన్న ఐఎస్పీల్లో బాగా పాకిపోయింది, అది విన్నప్పుడల్లా బాధేస్తుంది.

అసలు 1993లో సీఐడీఆర్ (ఐపీ బ్లాకుల్ని కావాల్సిన సైజులో ఇచ్చి, కలిపి చెప్పే పద్ధతి) తెచ్చిందే ఎందుకు, టేబుల్ పెరిగిపోతోంది రూటర్లు మోయలేవు, కాబట్టి ఎవరి బ్లాక్‌ని వాళ్ళు ఒకే ప్రిఫిక్స్‌గా (/22 లాంటి ఒక్క ఎంట్రీగా) కలిపి చెప్పాలి అని. 1990ల మధ్యలో స్ప్రింట్ లాంటి పెద్ద నెట్‌వర్క్ కొత్త బ్లాకుల్లో /19 కంటే చిన్న ముక్కలు తీసుకోను అని ఫిల్టర్ పెట్టేసింది, అంత పట్టింపు ఉండేది అప్పుడు. ఇప్పుడు ఆ గీత జరిగి జరిగి /24 దగ్గర ఆగింది. /25 వదిలితే చాలామంది తీసుకోరు, /24 వరకు ఎవరూ ఏమీ అనరు. ఎవరూ ఏమీ అనరు కాబట్టి అందరూ కోస్తున్నారు. 1994లో 20 వేల దగ్గరున్న ఐపీవీ4 టేబుల్ ఇవాళ 10 లక్షల దగ్గర ఉంది, అందులో సుమారు సగం పెద్ద బ్లాక్ ఒకటి పైన ఉండగానే దాని కింద మళ్ళీ వదిలిన ముక్కలే. ఏ ఏఎస్ ఎన్ని తగ్గించుకోవచ్చో నంబర్లతో సహా సీఐడీఆర్ రిపోర్ట్ అని ఎన్నో ఏళ్ళుగా వస్తోంది, చూసి సర్దుకునేవాళ్ళు తక్కువ.

మీరు అదనంగా వదిలే మూడు రూట్లని మీ మైక్రోటిక్ ఒక్కటే మోయదండి, ఫుల్ టేబుల్ పెట్టుకున్న ప్రతి రూటరూ, బ్రెజిల్‌లోదైనా జపాన్‌లోదైనా, తన మెమరీలో చోటిచ్చి మోయాలి. దానికి వాళ్ళు మిమ్మల్ని ఒక్క రూపాయి అడగరు. 2014 ఆగస్టు 12న ఏమైందో గుర్తుందా, వెరిజాన్ నుంచి సుమారు 15 వేల /24లు కాసేపు బయటికి వచ్చేశాయి, అప్పటికే అంచు మీదున్న టేబుల్ 5 లక్షల 12 వేలు దాటిపోయింది. సిస్కో 6500, 7600 బాక్సుల్లో చాలావాటికి టీక్యామ్‌లో (రూట్లు పెట్టుకునే హార్డ్‌వేర్ మెమరీలో) ఐపీవీ4కి డిఫాల్ట్‌గా ఇచ్చిన చోటు సుమారు అంతే. దాటిన రూట్లు హార్డ్‌వేర్‌లో పట్టక సీపీయూ మీద పడ్డాయి, చాలా నెట్‌వర్క్‌లు ఆ రోజు కుంటుకుంటూ నడిచాయి. ఆ ముక్కలు వదిలిన వాళ్ళకీ దెబ్బ తిన్న వాళ్ళకీ ఏ సంబంధమూ లేదు.

ఇక మీ పని. /22ని రెండు అప్‌స్ట్రీమ్‌లకీ వదలండి, ఇది ఎప్పుడూ ఉండాలి, దీనికి మినహాయింపు లేదు. లోడు కోసం ముందు ముక్కలు చేయకుండా ప్రయత్నించండి, హైదరాబాద్ వైపు ఏఎస్ పాత్‌ని ప్రీపెండ్ చేసి చూడండి (మీ ఏఎస్ నంబర్‌నే మళ్ళీ మళ్ళీ పెట్టి ఆ దారి పొడవుగా కనపడేలా చేయడం), మీ అప్‌స్ట్రీమ్ కమ్యూనిటీలు (రూట్‌తో పాటు పంపే సూచన ట్యాగులు) ఇస్తుంటే ఆ లిస్టు అడిగి తీసుకోండి, చాలామంది అడగనే అడగరు. అప్పటికీ సర్దుకోకపోతే అప్పుడు ఒకే ఒక్క /23 చెన్నై వైపు మాత్రం అదనంగా వదలండి. పొడవైన ప్రిఫిక్స్‌దే (అంటే చిన్న ముక్కదే) గెలుపు కాబట్టి ఆ 512 ఐపీల ట్రాఫిక్ చెన్నై నుంచి వస్తుంది, మిగతా 512కి /22 ఉంది, అది ఎలాగూ హైదరాబాద్ వైపే మొగ్గుతోందని మీరే అన్నారు. చెన్నై ఫైబర్ తెగితే ఆ /23 టేబుల్ లోంచి పోతుంది, /22 హైదరాబాద్ మీద ఉంటుంది, రూట్లు సర్దుకునే కాసేపు తప్ప కస్టమర్‌కి తెలీను కూడా తెలీదు. అంటే నాలుగు రూట్లతో జరగనిది రెండు రూట్లతో జరుగుతుంది.

లోడు ఇంకా ఎక్కువ తక్కువ ఉంటే రూట్లని మళ్ళీ కోయకండి, సీజీనాట్‌లో కొంతమంది కస్టమర్లని ఈ పూల్ నుంచి ఆ పూల్‌లోకి మార్చండి చాలు. అది మీ ఇంట్లో పని, బయట ప్రపంచానికి దాంతో సంబంధం లేదు.

విశాఖ_పీరింగ్

మాస్టారూ, మీతో సగం ఏకీభవిస్తాను. కానీ /24లు వదిలేవాళ్ళందర్నీ ఒకే గాటన కట్టేయడం న్యాయం కాదు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం యూట్యూబ్‌ని తమ దేశంలో ఆపబోయి 208.65.153.0/24ని బయటికి వదిలేసింది. యూట్యూబ్ అప్పుడు వదుల్తున్నది 208.65.152.0/22. చిన్నది గెలిచింది, ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ దాదాపు రెండు గంటలు పోయింది. చివరికి యూట్యూబ్ కూడా అదే /24ని, ఆ పైన /25లని వదిలి ట్రాఫిక్ వెనక్కి లాక్కోవాల్సొచ్చింది. ముందు నుంచే /24గా ఉండి ఉంటే అంత తేలిగ్గా ట్రాఫిక్ మొత్తం పోయేది కాదు, పోటీ అయినా ఉండేది. ఇది చూశాక బ్యాంకులూ పేమెంట్ కంపెనీలూ ముఖ్యమైన సర్వర్లున్న /24ని విడిగా వదిలితే నేను తప్పు పట్టను.

ఇంకోటి డీడాస్ (ట్రాఫిక్‌తో ముంచెత్తి పడగొట్టే దాడి). మన చిన్న ఐఎస్పీల మీద గేమింగ్ కుర్రాళ్ళ గొడవలకి కూడా 20, 30 జీబీపీఎస్ కొట్టేస్తున్నారు, స్క్రబ్బింగ్ వాడి (చెత్త ట్రాఫిక్ వడగట్టేవాడి) దగ్గరికి పంపాలంటే దెబ్బ తింటున్న ఆ /24 ఒక్కటే వాడి నుంచి అనౌన్స్ చేయించాలి, /22 మొత్తం పంపితే బిల్లు భరించలేం. ముక్కలు చేయడం కొన్నిసార్లు ప్రాణం నిలబెడుతుంది అంటున్నా అంతే.

పాత_బీజీపీ_చేయి

డీడాస్ విషయంలో మీ మాటే నా మాట. దాడి ఉన్నంతసేపు వదిలి, తగ్గాక వెనక్కి తీసేస్తే దాన్ని ఎవరూ కాదనరు. దాడి తగ్గి ఆర్నెల్లయినా అలాగే వదిలేసి మర్చిపోవడమే సమస్య.

హైజాక్ దగ్గర మాత్రం 2008 నాటికీ ఇప్పటికీ తేడా ఉంది. అప్పుడు ఆర్‌పీకేఐ (ఏ ఐపీ బ్లాక్‌ని ఏ ఏఎస్ వదలొచ్చో సంతకంతో రుజువు చేసే వ్యవస్థ) లేదు. ఇప్పుడు /22కి మీ ఏఎస్‌తో రోవా (ఆ అనుమతి పత్రం) ఉండి, మ్యాక్స్ లెంగ్త్ (ఎంత చిన్న ముక్క వరకు ఒప్పుకోవాలి అనేది) 22 దగ్గరే ఆపితే, ఎవడైనా అందులోంచి /24 వదిలినా అది ఇన్‌వాలిడ్, పెద్ద ట్రాన్సిట్ నెట్‌వర్క్‌లు చాలావరకు దాన్ని పారేస్తాయి. కానీ మన వాళ్ళు ఏం చేస్తున్నారంటే, ఎందుకైనా మంచిదని మ్యాక్స్ లెంగ్త్ 24 పెట్టేస్తున్నారు, వదిలేది మాత్రం /22 ఒక్కటే. అప్పుడు దొంగ వాడి అనౌన్స్‌మెంట్‌లో చివర మీ ఏఎస్ నంబర్ అతికించి /24 వదిలితే ఆర్‌పీకేఐ దాన్ని వాలిడ్ అంటుంది, పైగా పొడవైన ప్రిఫిక్స్ కాబట్టి గెలిచేదీ వాడే. అందుకే 2022లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9319 ఏం చెప్తుందంటే, ఏ ప్రిఫిక్స్‌లు నిజంగా వదుల్తున్నారో సరిగ్గా వాటికే రోవా చేసుకోండి అని. గోదారిగట్టు గారూ, మీకైతే /22కి ఒకటి, ఆ /23కి ఒకటి. మర్చిపోయి /22కి మాత్రమే చేసి /23 వదిలారనుకోండి, మీ /23 మీకే ఇన్‌వాలిడ్ అయి కూర్చుంటుంది. ముందు రోవా చేసి, అది అన్ని చోట్లకీ చేరడానికి టైమ్ ఇచ్చి, తర్వాత అనౌన్స్ చేయండి. రూట్ ఆబ్జెక్ట్ (రూటింగ్ రిజిస్ట్రీలో ఎంట్రీ) కూడా రెండిటికీ ఉండాలి, మీ అప్‌స్ట్రీమ్ ఫిల్టర్ దాన్ని చూసే కడుతుంటే అది లేకపోతే వాళ్ళ గుమ్మం కూడా దాటదు.

గోదారిగట్టు_నెట్

అబ్బ, ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ చాలా థ్యాంక్సండి. రెండు డౌట్లు. ఒకటి, మైక్రోటిక్ వెర్షన్ 7లో /22ని నెట్‌వర్క్ లిస్టులో పెట్టినా బయటికి వెళ్ళట్లేదు, /24లు మాత్రం వెళ్తున్నాయి. రెండు, మా ట్రాఫిక్‌లో చాలా భాగం యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్, ఇన్‌స్టా, అవన్నీ అప్‌స్ట్రీమ్ వాళ్ళ దగ్గరుండే క్యాష్ సర్వర్ల (వీడియోల కాపీలు దాచుకునే సర్వర్ల) నుంచే వస్తాయంటారు కదా, ప్రీపెండ్ చేస్తే అవి మారతాయా?

ఎడ్జ్_రూటర్_హైద్

మొదటిదానికి నేను చెప్తా. వెర్షన్ 7లో అదే ప్రిఫిక్స్ మీ రూటింగ్ టేబుల్‌లో ఉంటేనే బీజీపీ (నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే ప్రోటోకాల్) దాన్ని అనౌన్స్ చేస్తుంది. మీ దగ్గర /24లకి రూట్లున్నాయి, /22 అనే రూట్ ఎక్కడా లేదు. /22కి ఒక బ్లాక్‌హోల్ రూట్ (వచ్చిన ప్యాకెట్‌ని పారేసే రూట్) వేయండి, /23కి కూడా, వెంటనే వెళ్తాయి. భయపడకండి, లోపల నిజంగా వాడుతున్న ఐపీలకి చిన్న రూట్లు ఉన్నాయి కాబట్టి వాటి ట్రాఫిక్ బ్లాక్‌హోల్‌లో పడదు.

అది వేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మీ బ్లాక్‌లో ఎవరికీ ఇవ్వని ఒక ఐపీకి బయట నుంచి ట్రేస్‌రూట్ కొట్టండి. బ్లాక్‌హోల్ లేకపోతే ప్యాకెట్ మీ దగ్గరికి వస్తుంది, మీ రూటర్‌కి ఆ ఐపీ తెలీదు, డిఫాల్ట్ రూట్ ఉంది కాబట్టి మళ్ళీ అప్‌స్ట్రీమ్‌కే పంపుతుంది, వాళ్ళు ఇది మీదేగా అని తిప్పి పంపుతారు, టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రూటర్లు దాటొచ్చో చెప్పే లెక్క) అయిపోయేదాకా ఆ రెండు ఐపీలే స్క్రీన్ మీద ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. స్కానర్లు రోజంతా అలాంటి ఖాళీ ఐపీల మీదే కొడుతుంటాయి, ఆ చెత్త అంతా మీరు డబ్బు కట్టే లింకులో అటూ ఇటూ తిరుగుతుంటుంది.

విశాఖ_పీరింగ్

రెండోది నేను. క్యాష్‌లు ప్రీపెండ్‌కి పెద్దగా కదలవండి, ఎందుకంటే హైదరాబాద్ అప్‌స్ట్రీమ్ లోపలున్న క్యాష్‌కి మీరు సొంత కస్టమర్, పాత్ ఎంత పొడుగైనా డైరెక్ట్‌గా మీ లింకులోకే పోస్తుంది. కస్టమర్ రూట్‌కి వాళ్ళు లోకల్ ప్రిఫరెన్స్ (తమ నెట్‌వర్క్‌లో ఆ రూట్‌కి ఇచ్చే ప్రాధాన్యం) ఎక్కువ పెట్టుకుంటారు, పాత్ పొడవు చూసేది దాని తర్వాతే. నెట్‌ఫ్లిక్స్ అయితే తమ బాక్సుల్లో ఏది ఎవరికి సర్వ్ చేయాలో బీజీపీలో విన్న ప్రిఫిక్స్‌ని బట్టే ఎంచుకుంటుంది, ముందు పొడవైన ప్రిఫిక్స్, అవి సమానమైతే ఏఎస్ పాత్, ఆ తర్వాత మెడ్ (పక్క నెట్‌వర్క్ రూట్‌తో పాటు చెప్పే ప్రాధాన్య సంఖ్య). కాబట్టి మాస్టారు చెప్పిన ఆ ఒక్క /23 చెన్నై వైపు వదిలితే అక్కడి బాక్స్‌కి /23 వినపడుతుంది, హైదరాబాద్ బాక్స్‌కి /22 మాత్రమే, ఆ పూల్‌లో ఉన్న కస్టమర్ల సినిమాలు చెన్నై నుంచి వస్తాయి. మీ కేసులో ముక్క చేయడానికి ఇది న్యాయమైన కారణమే, అందుకే ఒక్క /23 దగ్గర నాకూ అభ్యంతరం లేదు.

ఒకవేళ రేపు మీ రెండు లింకులూ ఒకే అప్‌స్ట్రీమ్‌కి మారి, హైదరాబాద్‌లో ఒకటి విజయవాడలో ఒకటి తీసుకున్నారనుకోండి, అప్పుడు ముక్కల మీద నో ఎక్స్‌పోర్ట్ కమ్యూనిటీ (ఈ రూట్‌ని మీ బయటికి చెప్పొద్దు అనే ట్యాగ్) పెట్టి వదలండి. వాళ్ళ నెట్‌వర్క్ లోపల లోడు పంచుకోడానికి పనికొస్తాయి, బయట ప్రపంచానికి /22 ఒక్కటే కనపడుతుంది. ఇప్పుడు మీకున్నవి రెండు వేరు కంపెనీలు కాబట్టి అది కుదరదు.

గోదారిగట్టు_నెట్

చేసేశామండి. రోవాలు, రూట్ ఆబ్జెక్ట్‌లు ముందు చేసి, రాత్రి రెండు దాటాక బ్లాక్‌హోల్ రూట్లు వేసి /22 రెండు వైపులా, /23 చెన్నై వైపు వదిలి, లుకింగ్ గ్లాస్‌లో (బయటి రూటర్లకి ఏం కనపడుతోందో చూపించే సైట్‌లో) రెండూ వాలిడ్‌గా కనపడ్డాకే పాత /24లు నాలుగూ తీసేశాం. తర్వాత చెన్నై సెషన్ కావాలని డిసేబుల్ చేసి చూశాం, ఆ పూల్‌లో పెట్టిన టెస్ట్ ఫోన్‌లో వీడియో కాసేపు బఫర్ అయ్యి మళ్ళీ నడిచింది. సాయంత్రం లోడు ఇంకా హైదరాబాద్ వైపే కొంచెం ఎక్కువగా ఉంది, రెండు ఊళ్ళ కస్టమర్లని పూల్ మారుస్తున్నాం. ఇరిన్ ఇచ్చిన ఐపీవీ6 /32 కూడా ఉంది, దాన్ని ఎన్ని చేసి వదలమంటారు?

పాత_బీజీపీ_చేయి

ఒక్కటే. /32 ఒక్కటే, రెండు వైపులా, దానికి మ్యాక్స్ లెంగ్త్ 32తో రోవా. అందులో 65,536 /48లు ఉంటాయి, /48 వరకు అందరూ తీసుకుంటారు కదా అని ఎవరైనా కోయమంటే ఒప్పుకోకండి. సీజీనాట్ లేకుండా వీ6 మీద ఎంత ట్రాఫిక్ వస్తుందో ఒక నెల గ్రాఫ్ చూసి, చెన్నై వైపు నిజంగా తగ్గుతోందనిపిస్తే ఒక /33 గురించి అప్పుడు మాట్లాడుకుందాం, గ్రాఫ్ ఇక్కడే పెట్టండి.