నాన్న పోయినప్పుడు రాని ఏడుపు కాటి సీనులో వచ్చింది, ప్లేటో అన్నది దీని గురించేనా?

మారతహళ్ళి_అబ్బాయి:
నమస్తే అండీ. మొన్న ఉగాదికి ఇక్కడ బెంగళూరులో మనవాళ్ళు హరిశ్చంద్ర నాటకం వేశారు, కాటి సీనులో చంద్రమతి లోహితాస్యుణ్ణి ఒళ్ళో పెట్టుకుని నుదుటి మీద జుట్టు పక్కకి సర్దింది, అంతే, నాకు ఏడుపు ఆగలేదు. పోయినేడాది మా నాన్న పోతే చుట్టాల ముందు గట్టిగా నిలబడి అన్నీ చేశా, ఒక్క చుక్క రాలేదు. ఇప్పుడు గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన రిపబ్లిక్ పదో పుస్తకంలో అచ్చం ఇదే ఉంది, కొడుకు పోయినా నలుగురిలో ఓర్చుకునేవాడు నాటకంలో ఎవరో ఏడిస్తే కరిగిపోతాడు, అది అలవాటైతే సొంత కష్టంలో నిలబడలేడు అని. చదివిన దగ్గర్నుంచి మనసు బాలేదు. నాది బలహీనతేనా?

జయనగర్_పాఠకుడు:
కాదు తమ్ముడూ. ఎండిపోనివ్వాల్సిన ఆవేశాలకి కవిత్వం నీళ్ళు పోసి పెంచుతుందని ప్లేటో భయం. కానీ చిన్నప్పట్నుంచీ గ్రీకు కవి హోమర్ అంటే తనకి ప్రేమ, గౌరవం అని అక్కడే ఒప్పుకుంటాడు, కవిత్వం హాయి ఒక్కటే కాదు మేలు కూడా చేస్తుందని ఎవరైనా వచనంలోనైనా వాదిస్తే సంతోషంగా వింటాం అంటాడు. ప్లేటో బడి అకాడమీలో దాదాపు 20 ఏళ్ళు ఉన్న అరిస్టాటిల్ కవిత్వం, నాటకం గురించి రాసిన పొయెటిక్స్‌ని నేను ఆ పిలుపుకి జవాబుగానే చదువుకుంటా. ట్రాజెడీ, అంటే విషాద నాటకం, జాలి, భయం పుట్టించి వాటి కథార్సిస్ (ప్రక్షాళన లాంటిది) జరిపిస్తుందంటాడు, ఆ మాటేంటో మాత్రం అందులో విడమర్చలేదు. పాలిటిక్స్‌లో కొన్ని పాటలకి ఊగిపోయినవాళ్ళు మందు పడ్డట్టు కుదుటపడతారని రాశాడు, 1857లో జర్మన్ పండితుడు బెర్నేస్ దాన్ని పట్టుకునే కథార్సిస్ అంటే వైద్యంలాంటిదన్నాడు. నీకు పడింది ఆ మందే.

కరుణరసం:
లోపలున్నది బయటికి పోవడమే అంటే నేను ఒప్పుకోను అన్నా. అరిస్టాటిల్ పొయెటిక్స్‌లోనే నాలుగో అధ్యాయం చూడండి, నిజంగా ఎదురైతే చూడలేని శవాల్ని కూడా బొమ్మలో ఇష్టంగా చూస్తాం, ఎందుకంటే ‘ఇది అదే కదా’ అని పోల్చుకుంటాం, ఆ తెలుసుకోవడంలోనే ఆనందం అంటాడు. ఇంకోటి, ఆయన లెక్కలో హరిశ్చంద్రుడు ట్రాజెడీకి పనికిరాడు! 13వ అధ్యాయంలో పూర్తి మంచివాడు కష్టాల్లో పడితే జాలీ భయం రావు, మనసుకి రోత పుడుతుంది అంటాడు, తెలియక తండ్రిని చంపిన గ్రీకు నాటక నాయకుడు ఈడిపస్‌లా ఏదో హమార్తియా, అంటే పెద్ద పొరపాటు ఉండాలట. ఇక్కడ మాత్రం అరిస్టాటిల్‌తో నేను ఏకీభవించలేను, ఏ తప్పూ చేయని ఆ మనిషి కోసం మా ఊళ్ళో జనం తెల్లవార్లూ చాపల మీద కూచుని ఏడ్చారు, రోతపడి లేచిపోయినోళ్ళు ఒక్కరు లేరు.

జయనగర్_పాఠకుడు:
ఆ మాట నిజమే. కానీ తాళి చూసి భార్యని గుర్తుపడతాడే, అయినవాళ్ళని గుర్తుపట్టే అలాంటి ఘట్టం ట్రాజెడీలో మనసుని బాగా కదిలించే వాటిలో ఒకటి అంటాడు అరిస్టాటిల్. మెడలో నగల్లాంటి ఆనవాళ్ళతో గుర్తుపట్టించడం మాత్రం తక్కువ రకం అంటాడనుకో.

మారతహళ్ళి_అబ్బాయి:
‘ఇది అదే కదా’ అన్న దగ్గరే ఆగిపోయా అండీ. నాన్నకి స్నానం చేయించాక తడి జుట్టు నుదుటి మీద పడితే నేనే పక్కకి సర్దా. ఇప్పటిదాకా గుర్తే రాలేదు.